మిరప ఆకు నుంచి థైరాయిడ్ దాకా: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. అధ్యాపక పోస్టులకు అర్హత తేల్చేటప్పుడు పీజీ సర్టిఫికెట్ మీద ఉన్న సబ్జెక్టు పేరు మాత్రమే కాక, ఆ మనిషి చేసిన పరిశోధన కూడా చూసేలా ఆదేశాలు ఇవ్వమని అడగడానికి గుంటూరు నుంచి ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఎమ్మెస్సీ చదివింది వృక్షశాస్త్రం. పీహెచ్‌డీ మిరప మీద. కాయకుళ్లు తెగులు సోకిన మొక్కలో పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎలా మారుతుందో, కణాల గోడలు గట్టిపడటానికి అది ఎలా తోడ్పడుతుందో చూశాను. తర్వాత థైరాయిడ్ వైపు వచ్చాను. మన మెడలోని ఆ చిన్న గ్రంథిలో కూడా ఒక పెరాక్సిడేజ్ ఉంది. ఉప్పులోనూ తిండిలోనూ వచ్చిన అయోడిన్‌ను థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్‌కు చేర్చి, హార్మోన్ తయారయ్యేలా చేసేది అదే. డాక్టర్లు రాసే 'యాంటీ టీపీఓ' పరీక్షలో టీపీఓ అంటే ఈ ఎంజైమే.

మొక్కలో ఉన్నదీ మనలో ఉన్నదీ ఒకే కుదురు నుంచి వచ్చినవి కావు. అయినా రెండింటిలోనూ హీమ్ అనే, ఇనుము ఉండే భాగం ఉంటుంది, రెండూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వాడుకునే పనిచేస్తాయి. మిరప ఆకుల్ని ఐసు మీద పెట్టిన కల్వంలో చల్లటి బఫర్ పోసి నూరేదాన్ని. కొన్నేళ్లకు కబేళా నుంచి థర్మాకోల్ పెట్టెలో తెచ్చిన మేక థైరాయిడ్‌ను కూడా అలాగే, ఆ చల్లదనం పోనివ్వకుండా మెత్తగా చేశాను. దానికీ దీనికీ గ్వాయకాల్ అనే రసాయనం కలిపి, చివర్న కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే చాలు, రంగులేని ద్రావణం చూస్తుండగానే నారింజ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎంత వచ్చిందో 470 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీసుకోవాలి. క్షణం ఆలస్యమైతే మొదటి రీడింగ్ పోతుంది. ఆ చురుకుదనం నాకు మొక్కల ల్యాబే నేర్పింది.

ఒక విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ పోస్టుకు దరఖాస్తు చేస్తే స్క్రూటినీలోనే పక్కన పెట్టేశారు. పీజీ వృక్షశాస్త్రం కాబట్టి అర్హత లేదన్నారు. థైరాయిడ్ మీద నేను రాసిన పేపర్లు ఎవరూ తెరిచి చూడలేదు. నా బాధ అలా ఉంచండి. ఇప్పుడు పరిశోధనలోకి వస్తున్న పిల్లలు "మేడమ్, సబ్జెక్టు మారితే ఇక ఉద్యోగం రాదంట కదా" అని టెన్షన్ పడుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

సబ్జెక్టు మారినా గొప్ప పని చేసినవాళ్లు ఉన్నారు. జార్జ్ బార్గర్ అనే శాస్త్రవేత్త బ్రస్సెల్స్‌లో వృక్షశాస్త్ర డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశారు. మన సజ్జ కంకులకు తేనెబంక తెగులు వస్తుందే, అలాంటిదే రై అనే ధాన్యం కంకులకు వస్తుంది. దాన్ని ఎర్గాట్ అంటారు. అందులోని ఆల్కలాయిడ్ల మీద ఆయన ఎంతో పనిచేశారు. 1919లో ఎడిన్‌బరోలో వైద్య రసాయన శాస్త్రం ఆచార్యుడయ్యారు. 1927లో చార్లెస్ హారింగ్టన్‌తో కలిసి థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్‌ను కృత్రిమంగా తయారు చేసి చూపించారు. ఇవాళ మన ఆడవాళ్లు ఎందరో పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రలో ఉన్నది ఆ హార్మోనే.

మొక్కల శాస్త్రమూ వైద్య శాస్త్రమూ కలవాల్సిన అవసరం మన వంటింట్లోనే ఉంది. "థైరాయిడ్ ఉంది, క్యాబేజీ తినొచ్చా?" అని ఎంతమంది అడుగుతారో! క్యాబేజీ కుటుంబపు మొక్కల నుంచి వచ్చే గాయిట్రిన్ అనే పదార్థాన్ని ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ బృందం 1949లో వేరు చేసింది. అది అడ్డుకునేది థైరాయిడ్ పెరాక్సిడేజ్‌నే. అయోడిన్ ఉప్పు సరిగా వాడుతూ, ఉడికించి మామూలుగా తింటే భయపడాల్సిన పనిలేదు. సజ్జల్లో ఉండే వైటెక్సిన్ అనే పదార్థం కూడా ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం, మంచిదే. సజ్జలు తినొద్దని నేను అనడం లేదు. మన నేలలో పండే ఏ రకంలో ఆ పదార్థం ఎంత ఉంది, నానబెడితే ఎంత, అంబలి పులియబెడితే ఎంత అన్నది కొలిచి చెప్పాలంటే గింజ తెలిసినవాళ్లూ గ్రంథి తెలిసినవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఆ బల్ల వేయడానికి గుంటూరును మించిన చోటు లేదు. లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లో గుంటూరు వైద్య కళాశాల ఉంది, దగ్గర్లోనే నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. వ్యవసాయ, ఆరోగ్య శాఖల మంత్రులతో మాట్లాడి, ఈ మూడు చోట్ల విద్యార్థులకూ ఉమ్మడి గైడ్లు ఉండే పీహెచ్‌డీ సీట్లు కొన్నయినా ఇప్పించండి.

అర్హత విషయానికొస్తే, యూజీసీ 2018 నిబంధనలు సంబంధిత సబ్జెక్టుతో పాటు అనుబంధ సబ్జెక్టునూ ఒప్పుకుంటాయి. ఏది అనుబంధమో స్క్రూటినీ గదిలో అప్పటికప్పుడు తేల్చకుండా, నోటిఫికేషన్‌లోనే ముందుగా ప్రకటించాలి. జాబితాలో లేని సబ్జెక్టు వాళ్లు వస్తే, తిరస్కరించే ముందు ఆ రంగం తెలిసిన నిపుణుడు పేపర్లు చదివి కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. తదుపరి నోటిఫికేషన్ రాకముందే ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వమని ప్రార్థన.

ఇట్లు,
ఒక పరిశోధకురాలు,
గుంటూరు