పాకం సంగతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాకం పట్టడం భౌతిక మార్పా, రసాయన మార్పా అని మీ అమ్మాయి అడిగితే జవాబు తోచక ఆ ప్రశ్నను నా మీదికి తోశావు. మా ఇంట్లో అరిసెలు వండే రోజునే అది చేరడంతో, ఉత్తరం చేత్తో పట్టుకునే పొయ్యి దగ్గర నిలబడ్డాను.

అమ్మ బెల్లం కొట్టి, కాసిని నీళ్లలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. బెల్లం కూడా చాలామటుకు పంచదారే కదా! నీళ్లు ఆవిరైపోయే కొద్దీ పాకం చిక్కబడుతుంది, అది మరిగే వేడి కూడా పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లకు పంచదార తోడైతే, ఉండపాకం వచ్చేసరికి ఆ వేడి 112 నుంచి 116 డిగ్రీలకు చేరుతుంది. అమ్మకు థర్మామీటరుతో పని లేదు. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి వేళ్లతో పోగుచేస్తుంది. జారిపోతే లేతపాకం, మెత్తగా ఉండకడితే అరిసెలకు సరి, పళ్లేనికి వేసి కొడితే ఖంగుమంటే ముదిరినట్టు. ఈసారి నాతో మాటల్లో పడి ముదరనిచ్చింది (నేరం నీ ఉత్తరానిదే). కంగారు పడకుండా రెండు గరిటెల నీళ్లు పోసి మరిగిస్తే, పాకం మళ్లీ లేతపడింది. పోయినవి నీళ్లే కనుక నీళ్లిస్తే సరిపోయింది. అందువల్ల ఉండపాకం దాకా జరిగేది ముఖ్యంగా భౌతిక మార్పేనని అమ్మాయికి ధైర్యంగా చెప్పు.

అయితే గిన్నె అంచున చింది ఎండిన చుక్కలు మాడి చేదెక్కాయి. వాటిని చెరువులో ముంచినా తీపి తిరిగి రాదు. పంచదార 160 డిగ్రీల దరిదాపులకు చేరాక విడిపోయి, కొత్త రంగూ కొత్త వాసనా ఉన్న వేరే పదార్థాలుగా మారుతుంది కనుక అది రసాయన మార్పు.

వెనక్కి తేలేనిదల్లా రసాయన మార్పే అని మనం బడిలో బట్టీపట్టిన సూత్రం మాత్రం నాకు నచ్చదు. తడిబియ్యం దంచి పిండి చేశాక మళ్లీ గింజలు చేయగల మొనగాడు ఎవడు? అయినా అది భౌతిక మార్పే, ఎందుకంటే గింజలో ఉన్నదే పిండిలోనూ ఉంది. కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

నూనెలో వేసిన అరిసె ఎర్రబడటం చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. బియ్యప్పిండిలోని మాంసకృత్తులూ, బెల్లంలోని గ్లూకోజు వంటి చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగునూ కమ్మదనాన్నీ పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మెయ్యార్ వివరించాడు. ఆ తరువాత రెండు చెక్కల మధ్య ఒత్తి నూనె పిండటం మళ్లీ భౌతికమే.

రెండు డజన్ల అరిసెలు పంపుతున్నాను. అంచు మాడినది ఒకటి కావాలనే వేరుగా పొట్లం కట్టాను. దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ అంచు కొరికి చూడమను.

నీ
మిత్రుడు