భూమి సంగతి సరే, నువ్వెట్లున్నవ్ రా

అరేయ్ శ్రీశైలం,

రాత్రి రెండింటికి నువ్వు పంపిన మెసేజ్ పొద్దుగాల బర్లకాడికి పోయేముందు చూసిన. ఫోన్‌ల రెండు ముక్కలు కొట్టి పంపితే సరిపోదనిపించింది, అందుకే పొద్దుమీకినంక తీరుబడిగ కూసుని రాస్తున్న, జర పెద్దగనే అయితది, ఓపికతోటి చదువు.

నువ్వు అంత పొడుగు రాసినా మాట ఒక్కటే గదా, దునియా ఇట్ల వేడెక్కిపోతుంటే మనం బిర్యానీలు తిని, పండుగలకి కొత్తబట్టలు కట్టుకుని, ఏం కానట్టు ఎట్ల నవ్వుతం, అసలు పిల్లల్ని కనొచ్చా అని. నీ ఇంటామె, మా చెల్లె కూడ మా ఇంటామెకి ఫోన్ చేసింది, నువ్వు సరిగ నిద్రపోతలేవంట, రాత్రంత ఆ వీడియోలే చూస్తున్నవంట. నాకు నిజంగ భయమైంది రా, భూమి గురించి కాదు, నీ గురించి.

నీ భయం ఉత్తదని నేననను. 2024 ఇప్పటిదాక లెక్క పెట్టిన ఏండ్లల్ల అన్నిటికంటె వేడి ఏడాది, ఫ్యాక్టరీలు రాకముందటి కాలంతోటి పోలిస్తే ఒకటిన్నర డిగ్రీ దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థనే చెప్పింది. గాలిల కార్బన్ డయాక్సైడ్ అప్పట్ల పది లక్షల పాళ్లకి 280 ఉంటే ఇప్పుడు 420 దాటింది. ఈ అంకెలు నీకు నాకంటె బాగ తెలుసు, కాని నాకు ఇవి పొలంల కనపడ్తయి. మన చిన్నప్పుడు ముసురు పట్టేది యాదికుందా, మూడ్నాలుగు దినాలు సన్నగ పడుతనే ఉండేది, భూమి మెల్లగ తాగేది, గోడలు నానేవి, అమ్మ పల్లీలు వేయించి పెట్టేది. ఇప్పుడు ఆ ముసురే కరువైంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటదంట, అందుకే దినాలకొద్ది చుక్క ఉండదు, పడితే అంత ఒక్కపారే కుమ్మరిస్తది. 2024 సెప్టెంబర్ ఒకటో తారీఖున కోదాడల కార్లు కొట్టుకపోయినయి గదా, ఖమ్మంల మున్నేరు వాగు ఇండ్లల్లకి వచ్చింది, ఆ రాత్రి మా ఇంట్ల కూడ ఎవ్వరం పడుకోలే. కరువొచ్చిన ఏడాది బత్తాయి తోటలు చూస్తే ఇంకా బాధయితది, బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లతోటి నీళ్లు పోసి పోసి, చేతగాక చివరికి పెంచిన చేతులతోనే చెట్లు కొట్టేసిన రైతులున్నరు మన జిల్లాల. అందుకే భయపడకు అని నీకు చెప్పను.

కాని ఒక్క మాట అడుగుత. నువ్వు నేను ఎక్కడ పుట్టినం రా? నల్లగొండల. బిందెడు నీళ్లే విషమైన జాగల.

మర్రిగూడ కాడ మా మేనమామ నీకు యాదుంటడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటే తాగొద్దంటరు, అక్కడి బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. మన కింద ఉన్న గ్రానైట్ బండల్లనే ఉంటది అది, నీళ్లకోసమని బోరు లోతుకు పోయినకొద్ది బండల్ల నాని వచ్చిన నీళ్లే పైకొస్తయి. మామ నడుం వంగిపోయింది, మెడ బిగుసుకపోయి పక్కకి చూడాల్నంటే మొత్తం మనిషే తిరగాలె, పండ్ల మీద గోధుమ రంగు చారలు. అసొంటి మనిషి మా అక్క పెండ్లిల డప్పు దగ్గర కట్టె ఆనించుకుని నిలబడి, ఊగలేని నడుంతోటి తలకాయ ఒక్కటే ఆడించుకుంట రాత్రంత ఉన్నడు, పోయి పడుకో మామా అంటే వినలే. ఆ మామనే మండల ఆఫీస్ ముందు ధర్నాకి కూడ పోయేటోడు, అదే కట్టె పట్టుకుని. ఆయనకి ఈ రెండూ వేరేవేరే పనులు కావు. నొప్పి ఉన్నదని డప్పు మానలే, డప్పు ఉన్నదని నీళ్ల సంగతి మరువలే.

1996 ఎలక్షన్లు నీకు యాదుండవు, మనం అప్పుడు ఇంత పోరగాండ్లం. ఫ్లోరైడ్ నీళ్లు, సాగునీళ్ల గోస ఢిల్లీకి వినపడ్తలేదని జలసాధన సమితోళ్లు నల్లగొండ ఎంపీ సీటుకి జనంతోటి నామినేషన్లు వేయించిండ్రు, 480 మంది బరిల నిలబడ్డరు రా! బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, అంతమందికి గుర్తులు ఇచ్చి అది అచ్చేసేదాక ఎలక్షనే వాయిదా వేసుకోవాల్సొచ్చింది. తర్వాత ఆ ఏడే ఎంపీ పోటీకి డిపాజిట్ 500 నుంచి 10,000 చేసిండ్రు. దేశమంత నల్లగొండ అంటే ఏంది, అక్కడి నీళ్లకి ఏమైంది అని అడిగింది. దాని తర్వాత కూడ నీళ్లు వెంటనే రాలే, చానా ఏండ్లు పట్టింది, ఎంతమంది ఎన్నిసార్లు తిరిగిండ్రో. ఇయ్యాల మామ వాళ్ల ఇంట్ల నల్లా తిప్పితే కృష్ణ నీళ్లొస్తున్నయి. వంగిన ఎముక మళ్ల సాపు కాదు, అది తల్సుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటది. కాని ఆయన మనుమరాలి పండ్లు తెల్లగ ఉన్నయి శ్రీశైలం, నేను కండ్లార చూసిన.

ఆ జలసాధన సమితి దుశర్ల సత్యనారాయణ సారు సంగతి కూడ నువ్వు తెలుసుకోవాలె. బ్యాంకు ఉద్యోగం వదులుకుని నీళ్లకోసం తిరిగిన మనిషి, సూర్యాపేట జిల్లా రాఘవాపురంల తన సొంత భూమి డెబ్బై ఎకరాల దాక అడవికే వదిలేసిండు. పిట్టలకి, నెమళ్లకి, కోతులకి. ఆ భూమి అమ్ముకుంటే ఎంతొస్తదో ఇయ్యాలరేపు నీకు చెప్పాల్నా. నువ్వు అన్నవు గదా, పట్టింపు ఉన్నోడు సంతోషంగ ఉండలేడని, చెట్లల్ల తిరుగుకుంట మాట్లాడే ఆయన ముఖం చూస్తే నువ్వు ఆ మాట అనవు.

పాలమూరు పిల్లలమర్రికి మనం కాలేజీ రోజులల్ల పోయినం, చెట్టు ఎక్కడ మొదలో తెలుస్తలేదని నువ్వే అన్నవు. ఏడొందల ఏండ్ల చెట్టంటరు. దానికి చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగిపడ్డది గదా, 2018ల సెలైన్ బాటిల్స్ కట్టి, ఆస్పత్రిల మనిషికి ఎక్కించినట్టు కొమ్మకొమ్మకి మందు ఎక్కించిండ్రు, ఊడలకి పైపులు తొడిగి మట్టిలకి దించిండ్రు, విజిటర్స్‌ని ఆపేసిండ్రు. మళ్ల చిగురు పెట్టింది. ఓజోన్ సంగతి కూడ అంతే, 1985ల చిల్లు కనిపెట్టిండ్రు, 1987ల మాంట్రియల్‌ల దేశాలు కూడి ఒప్పందం చేసుకున్నయి, ఫ్రిజ్‌లల్ల స్ప్రేలల్ల ఉండే ఆ గ్యాసులు ఆపిండ్రు, ఇప్పుడు అది మెల్లగ పూడుకుంటుంది. కార్బన్ సంగతి దానికంటె ఎంతో కష్టం, అది ఒక్క గ్యాసుతోటి పోయే పని కాదు, మన కరెంటు, బండ్లు, సిమెంటు, వరి మడి అన్నిట్ల ఉన్నది, నాకు తెలుసు. అయినా మనుషులు ఎన్నడూ ఏం చెయ్యలే అని మాత్రం నువ్వు రాయకు, ఆ మాట అబద్ధం.

ఇగ బతుకమ్మ. చెల్లె మొన్న పోయినసారి గునుగు పువ్వు కొనుక్కుందంట, కట్ట యాభై రూపాయలకి, నాకు విని మనసు కలుక్కుమంది. గునుగు ఎవ్వరన్నా కొనేదా రా, జొన్నచేన్ల మధ్యల తెల్లగ తలలూపుకుంట దానంతటదే లేచేది. ఇప్పుడు అంత పత్తి, గడ్డిమందు కొడితే గునుగు ఎక్కడ బతుకుతది. మా అమ్మ తాంబాలంల గుమ్మడాకు పరిచి, చుట్టూ తంగేడు పేర్చి, గునుగు కాడలు ఒక్క కొలతకి కోసి కుచ్చులు కట్టి, కొసలు రంగునీళ్లల్ల ముంచి ఆరబెట్టి వరసలు కడుతుంటే మేము పక్కన కూసుని అందిచ్చేది, చేతులకి ఆ గులాబి రంగు పండుగ పోయినంక కూడ ఉండేది. నాకు వాతావరణం మీద ప్రేమ ఏ రిపోర్టు చదివితే రాలే, ఆ తాంబాలం కాడ వచ్చింది. అందుకే మా చేను గట్టెమ్మటి రెండు సాళ్ల జాగ మందు కొట్టకుండ వదిలిపెట్టిన, గునుగు మళ్ల లేచింది, వాడకట్టోళ్లంత వచ్చి కోసుకపోతున్నరు. నువ్వు పండుగ ఎంజాయ్ చేసుడు మానేస్తే ఆ గట్టును ఎవడు కాపాడ్తడు, ఎందుకోసం కాపాడ్తడు?

పిల్లల సంగతి. అది నువ్వు, చెల్లె కూసుని తేల్చుకోవాల్సింది, నేను కనుమనీ అనను, వద్దనీ అనను. కాని లోకం చెడిపోతుందన్న ఒక్క భయంతోటి మాత్రం వద్దనుకోకు. ఫ్లోరైడ్ నీళ్లు తాగుకుంటనే మనల్ని కన్నరు మనోళ్లు, లోకం బాగున్నదని కనలే. పుట్టినోళ్లల్లకెల్లి కొందరు పోయి ఆ నీళ్లకోసం కొట్లాడిండ్రు. నువ్వు పుట్టకుంటే నాకు ఈ ఉత్తరం రాసుకునే దోస్తు కూడ లేడు గదరా.

ఇగ నీతోటి ఒక పని ఉన్నది. మా ఊరి చెరువుకి వాగు నుంచి నీళ్లొచ్చే కాలువ సర్కారు తుమ్మతోటి మూసుకపోయింది, పోయిన వానకి నీళ్లన్ని పక్క చేన్లల్ల పడి మొక్కజొన్న కొట్టుకపోయింది, చెరువేమో సగం కూడ నిండలే, అలుగు పోయక చానా దినాలైంది. ఊర్ల పదిమందిమి కూడినం, కంప కొట్టుడు మావల్ల అయితది, లెవెల్స్ తీసి ఎక్కడ ఎంత లోతు తవ్వాల్నో చెప్పుడు మాకు రాదు. నువ్వు సివిల్ చదివినోనివి. వచ్చే ఆదివారం ఆ లెవెల్స్ తీసే మిషిన్ పట్టుకుని రా, చెల్లెను కూడ తీసుకరా, మా ఇంటామె జొన్నరొట్టె, నాటుకోడి చేస్తనన్నది. శనివారం రాత్రికే దిగితే మంచిది, ఎండ ముదరకముందే కాలువ మొత్తం నడిచి చూడాలె. బస్సెక్కినంక ఫోన్ చెయ్యి, బండి తీసుకుని స్టేజీ కాడికొస్త.

నీ
యాదగిరి