ఉత్ప్రేరకం నిజంగా అతికిందా? వేడి మీదే వడకట్టి చూడాలి

సంపాదకులకు,

సిలికా మీద పల్లేడియం అతికించి, ‘ఐదుసార్లు వాడినా పనితనం తగ్గని ఉత్ప్రేరకం’ తయారైందని చెప్పే విద్యార్థి ప్రాజెక్టులు మన నగరంలో తరచూ చూస్తున్నాం. వాటిలో ఐదు దిగుబడుల పట్టిక ఉంటుంది. వడకట్టిన ద్రవంలో పల్లేడియం ఎంత దిగిందో చెప్పే అంకె మాత్రం చాలాసార్లు ఉండదు. జీడిమెట్ల, పటాన్‌చెరుల్లో మందుల ముడిసరుకు తయారయ్యే ఊరు మనది. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లేడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటరాదని, మందుల్లో లోహ మలినాలకు హద్దులు చెప్పే అంతర్జాతీయ ఐసీహెచ్ క్యూ3డీ మార్గదర్శకం చెబుతోంది. రోజుకు 10 గ్రాముల మోతాదు అనుకుంటే అది 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది). ఇంజెక్షన్‌కైతే అందులో పదో వంతే. కాబట్టి ఆ అంకె లేని నివేదికను ఆమోదించకూడదని మా గట్టి అభిప్రాయం.

దిగుబడి ఒక్కటే చూస్తే ఎందుకు మోసపోతాం? గంటలో ముగిసే చర్యను పన్నెండు గంటలు నడిపితే, సగం పల్లేడియం కొట్టుకుపోయినా చివరికి 95 శాతం కనిపిస్తుంది. పోల్చాల్సింది వేగాన్ని. మొదటిసారి, ఐదోసారి కూడా చర్య 30 శాతం దగ్గర ఉన్నప్పుడు ఎంత సమయం పట్టిందో చూస్తే తేడా వెంటనే బయటపడుతుంది.

ఆ తర్వాత వడపోత పరీక్ష. చర్య సగం నడిచాక, అదే వేడిలో, ముందే వేడిచేసిన ఫ్లాస్కులోకి 0.2 మైక్రాన్ల టెఫ్లాన్ ఫిల్టరు గుండా వడకట్టాలి. చల్లారనిస్తే ద్రవంలో ఉన్న పల్లేడియం తిరిగి సిలికా మీదికి చేరిపోతుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది. ఇంకో పొరపాటు మరీ ఎక్కువ. సేంద్రియ ద్రావకంలో కరగని పొటాషియం కార్బొనేటు లాంటి క్షారం కూడా ఫిల్టరు మీదే ఉండిపోతుంది. వడకట్టిన ద్రవానికి కొత్త క్షారం కలపకపోతే చర్య ఆగేది క్షారం లేక. అది చూసి ‘లోహం దిగలేదు’ అని రాసేస్తారు. క్షారం కలిపి, అదే వేడిలో ఇంకో రెండు గంటలు నడిపి, జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) చూడాలి. చర్య ముందుకు సాగితే లోహం ద్రవంలోకి దిగినట్టే. ఆ ద్రవాన్ని, అందులో లోహం ఎంతుందో కొలిచే ఐసీపీ పరీక్షకూ పంపాలి. ఎందుకంటే అయడోబెంజీన్‌తో జరిగే, కార్బన్‌ను కార్బన్‌కు కలిపే హెక్, సుజుకీ చర్యల్లో పల్లేడియం ద్రవంలోకి దిగి, పని ముగించుకుని మళ్లీ ఘనం మీదికి చేరే అవకాశం ఉంది.

అయస్కాంతపు గుళిక వేసి కలిపితే సిలికా నలిగి పొడవుతుంది. ఆ పొడి మామూలు ఫిల్టరు కాగితం దాటిపోయి లెక్కంతా పాడుచేస్తుంది. పైనుంచి తిప్పే స్టిరర్ వాడాలి.

లోహం కారిపోవడానికి మూలం చాలావరకు మొదటి మెట్టులోనే, అంటే లోహాన్ని కట్టి ఉంచే లంగరుగా సిలికా మీద సిలేన్ (సిలికాన్ సమ్మేళనం) ఎక్కించడంలోనే ఉంటుంది. 10 గ్రాముల సిలికా జెల్‌ను సగానికి సగం నీరు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్కకు తెల్లదనం రావడం ఆగేంత వరకు కడగాలి. 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాలి. 200 డిగ్రీలు దాటిస్తే సిలేన్ పట్టుకోవాల్సిన హైడ్రాక్సిల్ సమూహాలే ఒకదానితో ఒకటి కలిసిపోయి తగ్గిపోతాయి. 100 మి.లీ. నీరు లేని టోలుయీన్‌లో ఆ జెల్ వేసి, 4.7 మి.లీ. ఏపీటీఈఎస్ (అమీన్ సమూహమున్న సిలేన్), అంటే సుమారు 20 మిల్లీమోల్‌లు చేర్చి, నైట్రోజన్ కింద 12 నుంచి 24 గంటలు రిఫ్లక్స్ చేయాలి, అంటే ఆవిరి చల్లబడి తిరిగి పడేలా మరిగించాలి. తర్వాత టోలుయీన్‌తో, ఇథనాల్‌తో కడగడం చాలదు, ద్రావకంతో పదేపదే కడిగే సాక్స్‌లెట్ పరికరంలో ఇథనాల్‌తో కనీసం 12 గంటలు కడగాలి.

ఇక్కడ హైదరాబాదు వర్షాకాలం అసలు చిక్కు. ఏపీటీఈఎస్‌కు నీరు ఎక్కువ తగిలితే అది సిలికాను పట్టుకోకుండా ద్రవంలోనే తనతో తాను గొలుసుకట్టి తెల్లటి మసకగా మారుతుంది. అది సిలికా మీద పేరుకున్నా, దుమ్ము తుడవని గోడకు వేసిన సున్నంలా ఊడి వస్తుంది, పల్లేడియాన్నీ వెంట తీసుకుపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా సీసా మూత తీసి పిపెట్ ముంచకూడదు. రబ్బరు మూత గుండా సిరంజితో, నైట్రోజన్ కింద తీయాలి. టోలుయీన్‌ను కాల్చి ఆరబెట్టిన, నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్‌ల మీద ఉంచాలి.

పొర ఒకటేనా, పేరుకుందా అన్నది లెక్కలోనే తేలుతుంది. గ్రాముకు 300 చదరపు మీటర్ల వైశాల్యమున్న జెల్ మీద గ్రాముకు 1 మిల్లీమోల్ అమీన్ ఎక్కితే చదరపు నానోమీటరుకు రెండు అణువులు. సిలికా మీద హైడ్రాక్సిల్‌లే చదరపు నానోమీటరుకు ఐదు లోపు. అలాంటి జెల్ మీద గ్రాముకు 5 మిల్లీమోల్‌లు ఎక్కాయంటే చదరపు నానోమీటరుకు పది అవుతాయి. అది ఒక్క పొర కాదు, గొలుసులు పేరుకున్నాయి. అంకె పెద్దదని సంబరపడేచోట అనుమానించాలి. కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. అర గ్రాము జెల్‌ను 25 మి.లీ. 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రెండు గంటలు కుదిపి, వడకట్టి, మిగిలిన ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే చాలు.

తర్వాత ఆ అమీన్ మీద శాలిసిలాల్డిహైడ్‌తో లిగాండ్ (లోహాన్ని పట్టుకునే భాగం) కట్టి, అసిటోన్‌లో పల్లేడియం అసిటేటు ఎక్కిస్తారు. లిగాండ్ గ్రాముకు 1 మిల్లీమోల్ ఉంటే లోహం 0.3 మించనివ్వకూడదు. మించితే లిగాండ్ దొరకని లోహం ఊరికే సిలికా మీద కూర్చుని మొదటి వాడకంలోనే దిగిపోతుంది. నీరు, కార్బొనేటు కలిసి 80 డిగ్రీల పైన ఉండే చర్యలకు సిలికాయే కరుగుతుంది, అక్కడ పాలీస్టైరీన్ రెజిన్ గానీ కార్బన్ గానీ వాడాలి.

వడపోత పరీక్షకు అదనంగా కావాల్సింది ఒక వేడి ఫ్లాస్కు, ఒక ఫిల్టరు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో దీన్ని తప్పనిసరి చేయాలనీ, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో ఐసీపీ అంకె లేనిదే ‘పునర్వినియోగం’ అన్న మాట అనుమతించవద్దనీ నగరంలోని విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లను కోరుతున్నాం. ఐసీపీ యంత్రం లేని కళాశాలలు ప్రతి బ్యాచ్‌లో మొదటి, మూడో, ఐదో వాడకాల ద్రవాలను మాత్రమే దాచి, ప్లాస్టిక్ సీసాల్లో బయటి ప్రయోగశాలకు ఒకేసారి పంపవచ్చు. గాజు సీసా గోడకు లోహం అంటుకుని అంకె తగ్గి చూపుతుంది.

– కొందరు రసాయన శాస్త్ర అధ్యాపకులు, తార్నాక, హైదరాబాద్