రక్తం ఆపే స్పాంజ్ వివరాలు రోగికీ ఇవ్వాలి

సంపాదకునికి,

గత నెల గుంటూరులో మా అమ్మకు వెన్నెముక ఆపరేషన్ జరిగింది. బిల్లులో 'జెలటిన్ స్పాంజ్' అని ఒక లైను కనిపించింది. మరమరాల్లా తేలిగ్గా ఉండే ఆ తెల్లటి ముక్క రక్తాన్ని పీల్చుకుని గడ్డ కట్టేందుకు సాయపడుతుంది, కొన్ని వారాల్లో ఒంట్లోనే కరిగిపోతుంది. ప్రాణాలు నిలిపే వస్తువే, కాదనను. కానీ తడిస్తే ఉబ్బుతుంది. వెన్నులాంటి ఇరుకు చోట వదిలేస్తే నరాన్ని నొక్కవచ్చు. అందుకే రక్తం ఎంత త్వరగా ఆగిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఉబ్బు, ఇన్‌ఫెక్షన్, కరిగే కాలం కూడా పరీక్షించాలి, ఆపరేషన్ తర్వాత కూడా రోగిని గమనిస్తుండాలి. ఇలాంటి వైద్య పరికరాల వల్ల హాని జరిగితే తెలియజేయడానికి 2015 నుంచే దేశంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో ఆ పదార్థం పేరు, బ్యాచ్ నంబరు తప్పకుండా రాసిచ్చేలా ఆరోగ్యశాఖ ఆదేశించాలి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు