చెరువుకూ ఫిల్టరు ఇసుకకూ బడ్జెట్‌లో పద్దు పెట్టండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు గ్రామ పంచాయతీల తరఫున రాస్తున్నాం. కొన్ని ఊళ్లకు కలిపి ఒకేచోట నుంచి నీళ్లిచ్చే సమగ్ర రక్షిత నీటి పథకాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నిధులకు మా మద్దతు ఉంది. గ్రామసభల్లో తీర్మానాలు చేసి పంపుతాం. ఆ డబ్బు ఎక్కడ పెడితే ఊరికి నీళ్లందుతాయో కూడా మేమే చెప్పాలి.

మా వైపు బోరులో నీళ్లు పడ్డా చాలాచోట్ల తాగడానికి పనికిరావు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాములోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవాలి అన్నది జాతీయ ప్రమాణం. కనిగిరి చుట్టుపక్కల ఎన్నో బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లిస్తుంది గానీ, అది వదిలేసే ఉప్పునీళ్లు మళ్లీ మా నేలలోకే పోతాయి. అందుకే సాగర్ కుడి కాలువే మాకు ఆధారం. కాలువ కట్టేసినన్నాళ్లూ వేసవి నిల్వ చెరువే ఊళ్లను గట్టెక్కించాలి.

ఆ చెరువు లెక్క దగ్గరే తేడా వస్తోంది. 10,000 జనాభాకు మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 5.5 లక్షల లీటర్లు కావాలి. కాలువ 120 రోజులు రాదనుకుంటే 66,000 ఘనపు మీటర్లు. అంచనా అక్కడితో ఆగిందంటే చిక్కే. 5 ఎకరాల చెరువు మీద ఎండాకాలంలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైనా 120 రోజుల్లో 17,000 ఘనపు మీటర్లు పోతాయి. అడుగున అర మీటరు బురదనీళ్లు పంపు లాగలేదు, అదింకో 10,000. నేలలోకి ఇంకేది కూడా కలిపితే లక్ష ఘనపు మీటర్ల చెరువు ఉండాలి. అదే 5 ఎకరాల్లో 66,000కే కడితే 80 రోజులు తిరిగేసరికి పంపు నీళ్లు లాగే పైపు చివరి ఫుట్‌వాల్వు బయటపడుతుంది. ఆ తర్వాత ట్యాంకర్లే. వాటి బిల్లులు ఏటా ఎలాగూ కడుతున్నారు, మరి చెరువు లోతు పెంచడానికి నిధులెందుకు దొరకవో!

ఇక స్లో శాండ్ ఫిల్టరు. గంటకు చదరపు మీటరుకు 100 లీటర్ల లెక్కన 24 గంటలూ నడిపితే పై జనాభాకు 230 చదరపు మీటర్ల ఇసుక పడక కావాలి. నీళ్లను శుభ్రం చేసేది ఇసుక పైన పట్టే జిగురు పొర. అది మూసుకుపోయినప్పుడు పైనుంచి 2, 3 సెంటీమీటర్లు గీకి తీసేయాలి. కొత్త పొర పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో ఆ పడక నీళ్లు ఊరికి వదలకూడదు. రెండే పడకలుంటే ఒకదాన్ని గీకినప్పుడు భారమంతా రెండోదాని మీద పడుతుంది. మూడోది ఉండి తీరాలి. గీకగా గీకగా మీటరు మందం ఇసుక 60 సెంటీమీటర్లకు దిగితే కొత్తది నింపాలి. ఇక్కడే ఎవరూ ముందుకు రారు. కాంట్రాక్టరు అప్పగించి వెళ్లిపోయాడు, నిర్వహణ అంచనాలో ఇసుక ఉండదు, పంచాయతీకి ఆ ఫిల్టరు మీద అధికారమే లేదు. చివరికి ఫిల్టరును తప్పించే బైపాస్ వాల్వు తిప్పేస్తారు, చెరువు నీళ్లు నేరుగా ట్యాంకెక్కుతాయి. ఎన్ని బస్తాల బ్లీచింగ్ వేసినా మడ్డినీళ్లలో క్లోరిన్ నిలవదు.

డబ్బు సంగతి. జల్ జీవన్ మిషన్‌లో మన రాష్ట్రానికి కేంద్రం సగం, రాష్ట్రం సగం. మన వాటా జమ కాకపోతే అక్కడి వాయిదా కూడా ఆగుతుంది, పైపులు గట్టు మీద ఎండుతాయి. కాబట్టి రాష్ట్ర వాటా సమయానికి పడాలి. దాంతోపాటు హెడ్‌వర్క్స్ (చెరువు, ఫిల్టరు, పంపులు ఉండే చోటు) కరెంటు బిల్లు, ఫిల్టరు ఇసుక, స్పేర్ మోటారు, చెరువు పూడికతీత రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా పద్దుగా ఉండాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టేసినదే. అందులో సగమే నీటికి. అలా దక్కే డబ్బుతో ఊళ్లో పైపులు, ఆపరేటరు జీతం, బ్లీచింగ్ చూసుకోగలం. పది ఊళ్ల హెడ్‌వర్క్స్ కరెంటు బిల్లు మోయలేం.

ఊరి గేటు వాల్వు నుంచి ఇవతలి పని మాది. ఊళ్లో పనులకు ప్రజావాటా 10 శాతం, ఎస్సీ ఎస్టీలు సగానికి మించిన ఊళ్లలో 5 శాతం, వసూలు చేస్తాం. కుళాయికి నేరుగా బిగించిన మోటార్లు తీయిస్తాం. వాటి వల్లే చివరి వీధికి ధార రావడం లేదు, పైగా అవి లాగేటప్పుడు లీకుల్లోంచి మురుగు పైపులోకి వస్తోంది. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో రోజూ చూసి పుస్తకంలో రాయిస్తాం. ఊరి వాల్వు దగ్గర మీటరు పెట్టండి, అందిన నీళ్లకు మేం లెక్క చెబుతాం.

చెరువు అడుగు తేలి ఉండేది వేసవి చివర, కాలువకు నీళ్లు వదిలేదాకా, కొద్ది వారాలే. పూడిక తీయాలన్నా, లోతు పెంచాలన్నా అప్పుడే వీలు. అంచనాలు, టెండర్లు మార్చిలోపు పూర్తయ్యేలా ఉత్తర్వులు ఇప్పించగలరు.

ఇట్లు,
గ్రామ పంచాయతీల సర్పంచులు, వార్డు సభ్యులు, పంపు ఆపరేటర్లు