తప్పించుకున్న చేప సంగతి ముందు తేల్చండి

మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. జన్యుమార్పిడి చేపల పెంపకానికి అనుమతి కోరే ఫైలు మీ ముందుకొస్తే, అందులో ఒక్క కాగితం ఉందో లేదో చూడండి. ఆ చేప బయటపడితే ఏమవుతుందో చెప్పే కాగితం.

ఆ చేపను తినొచ్చా అన్నది వేరే చర్చ. నా టెన్షన్ నదుల గురించి.

2015లో అమెరికా ఒక జన్యుమార్పిడి సాల్మన్ చేపను ఆమోదించింది. అట్లాంటిక్ సాల్మన్‌లో చినూక్ అనే మరో రకం సాల్మన్ ఎదుగుదల హార్మోన్ జన్యువును చేర్చారు. మూడేళ్లకు వచ్చే బరువు ఏడాదిన్నరకే వస్తుంది. అన్నీ ఆడవే, సంతానం కలగకుండా చేసినవే, పెంచింది నేల మీది ట్యాంకుల్లోనే. ఇన్ని జాగ్రత్తలున్నా, బయటపడితే కలిగే నష్టాన్ని ఆమోదించిన సంస్థ సరిగా పరిశీలించలేదని 2020లో అక్కడి ఫెడరల్ కోర్టు తప్పుబట్టింది.

పెంపకం చేప నది నీటిలో బతకలేదుగా, భయమెందుకు అంటారు కొందరు. అసలు చిక్కు అక్కడే. జన్యువు మార్చిన పెద్ద చేపకు జత సులువుగా దొరుకుతుంది. కానీ దాని పిల్లల్లో ఎక్కువ శాతం పెద్దయ్యేలోగా చనిపోతే? ప్రతి తరంలోనూ ఆ జన్యువు పాకుతూ పోతుంది, మంద మాత్రం తరుగుతూ పోతుంది. 1999లో అమెరికా శాస్త్రవేత్తలు ఇద్దరు దీన్ని లెక్కగట్టారు. 60 వేల సహజ చేపల్లో అలాంటివి 60 కలిస్తే, 40 తరాల్లో మొత్తం అంతరించవచ్చని తేలింది. ఇది కంప్యూటర్ లెక్కే, ఏ నదిలోనూ జరిగింది కాదు. జరిగాక చూద్దామనుకునే రకం లెక్క కూడా కాదు.

చేపలు తప్పించుకోవడం మాత్రం లెక్కల్లోని మాట కాదు. 2017లో వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో వలల పంజరం కూలి రెండు లక్షలకు పైగా సాల్మన్‌లు పసిఫిక్‌లోకి వెళ్లిపోయాయి. అవి మామూలు పెంపకం చేపలే కాబట్టి సరిపోయింది. బ్రెజిల్‌లో అక్వేరియం కోసం జన్యువు మార్చి పుట్టించిన మెరిసే జీబ్రా చేపలు వాగుల్లో చేరి గుడ్లు పెడుతున్నాయని 2022లో బయటపడింది. వాటి అమ్మకాన్ని ఆ దేశం 2017లోనే నిషేధించింది!

అందుకే అడుగుతున్నాను. నదిలో, సముద్రంలో వలల పంజరాలకు ఇలాంటి చేపలను అనుమతించకండి. సంతానం కలగదన్న కంపెనీ హామీని, వాళ్లతో సంబంధం లేని ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కూ పరీక్షించండి. ఏ చేప తప్పించుకున్నా ఆ వివరాలు జనం ముందు పెట్టాలని అనుమతి పత్రంలోనే రాయించండి.

ఇట్లు,
ఒక పౌరుడు