జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి: ఎండలు మండే ఊళ్లో డి విటమిన్ కరువు

అయ్యా,

తుంటి ఎముక విరిగి మా అమ్మ ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. కిటికీకి పచ్చ పరదా, మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటే. డి విటమిన్ పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక మేమే చేయించాం. 9 వచ్చింది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకన్నా తగ్గితే లోపమేనట.

మే నెలలో గాంధీ రోడ్డు తారు చెప్పులకు అంటుకునే తిరుపతి మనది. అయినా ఆరోగ్యంగా తిరిగేవాళ్లలోనే ఈ లోపం ఉందని మన స్విమ్స్ ఆస్పత్రి వైద్యులు 2000ల దశకంలోనే రాశారు. ఇక మంచం పట్టినవాళ్ల సంగతి? 1998లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆస్పత్రిలో చేరిన 290 మందిలో 57 శాతం మందికి డి విటమిన్ తక్కువగా ఉంది.

పొద్దున్నే నీరెండలో నిలబడితే చాలనుకుంటాం. చాలదు. డి విటమిన్ తయారయ్యే కిరణాలు పొద్దెక్కాకే బాగా వస్తాయి, అవీ కిటికీ అద్దం దాటి రావు.

అందుకే అడుగుతున్నాను. ఎముక విరిగి చేరిన ప్రతి పెద్దవయసు మనిషికీ ఈ పరీక్ష ఉచితంగా చేయించండి. లోపముంటే మందు అక్కడే ఇప్పించండి. అయితే 60,000 యూనిట్ల సాచెట్‌ను రోజూ తాగేసేవాళ్లూ ఉన్నారు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు. మోతాదును తెలుగులో రాసివ్వమని చెప్పండి.

ఇట్లు,
రేణిగుంట నుంచి ఒక కూతురు